హైస్కూలు పిల్లలు టైముకి బడికెళ్లాలంటే: లేపాలా, వదిలేయాలా, బండి కొనివ్వాలా?

పొద్దున్న ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య మన ఊళ్లలో ఏ వీధిలో నడిచినా ఇవే మాటలు వినిపిస్తాయి. "లేవరా, ఏడయ్యింది", "లేవవే, బస్సొచ్చేస్తుంది", "ఇంకోసారి పిలిపించుకున్నావంటే చెంబుడు నీళ్లు పోసేస్తాను". లేవాల్సింది పిల్లలు, టెన్షన్ పడేది మాత్రం తల్లి. బెల్లు కొట్టేలోపు గేటు దాటితే అది తల్లి గొప్ప, దాటకపోతే తల్లి తప్పు. ఏడో తరగతి వరకూ ఇలా నడిస్తే నడిచింది. ఎనిమిది దాటాక కూడా బడి టైము అమ్మ చేతిలోనే ఉంటే, ఇంటర్‌కి హాస్టల్లో చేరిన రోజున ఆ పిల్లాడికి తనంతట తాను లేవడం కూడా చేతకాదు.

నేను హైస్కూల్లో పాఠాలు చెబుతాను. తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు కొంచెం అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి. "రోజూ లేపమంటారా, ఓ నాలుగు రోజులు వదిలేయమంటారా?" "ఫోను లాగేసుకుంటే దారికొస్తాడా?" "సైకిల్ కొనమంటారా, ఎలాగూ అడుగుతున్నాడు కదా అని బండే కొనేయమంటారా?" అందరికీ ఒకే జవాబు చెప్పలేను. బడి ఎంత దూరం, పొద్దున్నే ఇంట్లో ఎవరుంటారు, బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడు అన్న సంగతుల్ని బట్టి జవాబు మారుతుంది. అయితే ఏది ఎంచుకున్నా చూడాల్సింది ఒకటుంది: లేటైతే ఆ నష్టం ఎవరి మీద పడుతోంది? పిల్లల మీద పడితే వాళ్లు నేర్చుకుంటారు. అమ్మ బీపీ మీదో, నాన్న బండి పెట్రోలు మీదో పడుతుంటే వాళ్లకి నేర్చుకోవాల్సిన అవసరమే రాదు.

ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూడండి

మా గోదావరి డెల్టాలో లేటుకి రెండు కారణాలుంటాయి. ఒకటి పిల్లలది, ఇంకోటి దారిది. సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వచ్చే పిల్లాడు గంట ముందు లేచినా, పంటు అవతలి ఒడ్డున ఉంటే ఆగాల్సిందే. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవులోనూ అంతే. జూలై, ఆగస్టుల్లో ఎర్ర నీరు, అంటే వరద నీరు, దిగితే నది మధ్యలోని లంక ఊళ్ల కాజ్‌వేలు మునుగుతాయి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, కానీ పల్లంలో ఉన్న కాజ్‌వేల మీదికి అంతకన్నా ముందే నీళ్లొచ్చేస్తాయి. కనకాయలంక వైపు వాళ్లకి ఇది ఏటా ఉండే తతంగమే. ఆ రోజుల్లో పడవ దిగి, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని తొమ్మిదిన్నరకి వచ్చిన పిల్లని "బాధ్యత లేదా?" అని అడిగితే అడిగినవాళ్లదే తప్పు.

లంక పిల్లలకి బాధ్యత నేర్పొద్దని కాదు. రాత్రి వరద కబురు కనుక్కోవడం, కాజ్‌వే మునిగేలా ఉంటే క్లాస్ టీచర్‌కి తనే ఫోన్ చేసి చెప్పడం, మర్నాడు పోయిన పాఠం రాసుకోవడం, ఇవన్నీ వాళ్ల చేతిలో ఉన్నవే. వరద వాళ్ల చేతిలో లేదు.

అందుకే ఏ పద్ధతికైనా ముందు ఓ వారం పాటు గుమ్మం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టించండి. మంచం దిగింది ఎప్పుడు, ఇల్లు దాటింది ఎప్పుడు, బస్సో ఆటోనో వచ్చింది ఎప్పుడు, గేటు దాటింది ఎప్పుడు అన్నది పిల్లలే రాయాలి, మీరు కాదు. చాలా ఇళ్లలో తేలేదేమిటంటే, ఆలస్యం లేవడంలో కాదు, లేచాక జరుగుతోంది. వానాకాలంలో రాత్రంతా ఫ్యాను కింద ఆరేసినా యూనిఫాం చంకల దగ్గర తడిగానే ఉంటుంది. దాన్ని ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టేసరికి పావుగంట పోతుంది. ఒక సాక్సు దొరకదు. రికార్డు మీద సంతకం పెట్టించుకోవాలన్న సంగతి చెప్పులేసుకునేటప్పుడు గుర్తొస్తుంది. వీటికి అలారం పనిచేయదు. రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు కూర్చుని బ్యాగు, బట్టలు, సంతకాలు చూసుకుంటే చాలు. నన్నడిగితే లేవడం కన్నా ముందు నేర్పాల్సింది ఇదే. గొడవ తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది.

లేపడం, వదిలేయడం

నాలుగైదుసార్లు లేపే ఇళ్లలో పిల్లలు నేర్చుకునేది ఒకటే: మొదటి పిలుపుకి లేవక్కర్లేదని. అమ్మ గొంతు ఏ పిలుపు దగ్గర మారుతుందో వాళ్లకి బాగా తెలుసు. అప్పటిదాకా నిద్రలోనే లెక్కపెట్టుకుంటూ పడుకుంటారు. పిలుపులు పెంచే కొద్దీ నిద్ర పెరుగుతుంది తప్ప తగ్గదు.

దీనికి విసిగిపోయిన వాళ్లు ఒక్కసారిగా వదిలేస్తారు. "రేపట్నుంచి నేను లేపను, నీ ఇష్టం." మాట మంచిదే, కానీ మూడు సంగతులు కనుక్కోకుండా అనకూడదు.

మొదటిది, లేటుగా వచ్చిన పిల్లల్ని బడిలో ఏం చేస్తారు? రిజిస్టర్లో రాసి, ప్రేయర్ అయ్యాక పంపించే బడి అయితే నిశ్చింతగా వదిలేయొచ్చు. నలుగురూ చూస్తుండగా లోపలికి నడవడమే పద్నాలుగేళ్ల వాళ్లకి చాలినంత శిక్ష. గేటు బయట ఎండలో నిలబెట్టే బడి, గ్రౌండు చుట్టూ పరిగెత్తించే బడి అయితే వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ముందు క్లాస్ టీచర్ని కలిసి, "మావాడు ఈ నెలలో రెండు మూడుసార్లు లేటుగా రావచ్చండి, కావాలనే లేపడం లేదు" అని చెప్పండి. ఇలా వచ్చి చెప్పే తల్లిదండ్రులంటే మాకూ గౌరవమే. లేకపోతే పట్టించుకోని ఇల్లు అనుకుంటాం.

రెండోది, బస్సు తప్పితే తర్వాత ఏంటి? బడి ఊళ్లోనే ఉంటే నడిచో, పరిగెత్తో వెళ్తారు. పదిహేను కిలోమీటర్ల అవతల టౌన్లో ఉంటే చివరికి నాన్నే బండి తీయాలి. ఒకసారి అలా దింపారంటే ఇక బస్సు తప్పడం అంటే నష్టం కాదు, సుఖం. కిటికీ పక్క సీటు కోసం తోపులాట లేకుండా నాన్న వెనక కూర్చుని దర్జాగా వెళ్లడం ఎవరికి చేదు? అందుకే దూరం బడుల పిల్లల్ని వదిలేయాలంటే, తప్పితే ఏం చేయాలో ముందే మాట్లాడుకుని ఉండాలి. తర్వాతి ఆర్టీసీ బస్సులో వెళ్లాలి, ఎందుకు లేటయిందో టీచర్‌కి తనే చెప్పుకోవాలి, నాన్న బండి ఆ లెక్కలో ఉండదు. తర్వాతి బస్సే లేని రూట్లో వదిలేయడం అనే పద్ధతి పనికిరాదు. మనుషులు తిరగని కాలవ గట్టు మీద స్టాపులో ఆడపిల్లయినా, మగపిల్లాడైనా ఒంటరిగా గంటసేపు నిలబడటం పాఠం కాదు.

మూడోది, మీరు తట్టుకోగలరా? నిజంగా అడుగుతున్నాను. ఎనిమిదీ నలభై అయినా గది తలుపు తెరుచుకోకపోతే వంటింట్లో నోరు మూసుకుని నిలబడగలిగే వాళ్లు తక్కువ. మధ్యలో వెళ్లి లేపేస్తే, వదిలేస్తామన్నది కూడా ఉత్త బెదిరింపే అని తేలిపోతుంది.

ఈ రెంటికీ మధ్యది నాకు నచ్చింది: అలారం వాళ్లది, అమ్మది ఒక్కటే పిలుపు. బజారులో దొరికే మామూలు అలారం గడియారం కొని, మంచం మీద నుంచి చేయి అందని చోట పెట్టాలి. సెల్‌ఫోన్ అలారం వద్దు. అలారం పేరు చెప్పి ఫోను దిండు కిందికి చేరుతుంది. అలారం మోగాక ఐదు నిమిషాలకి అమ్మ ఒకసారి పిలుస్తుంది. అంతే. ఆ పిలుపు మామూలు గొంతుతో ఉండాలి. తర్వాత జరిగేది పిల్లలది. మొదటి వారం రెండు రోజులు లేటవుతుంది. అయితే కానీండి.

డబ్బులు, ఫోను

"టైముకి వెళ్తే రోజుకి పది రూపాయలు" అన్న పద్ధతి నాకు నచ్చదు. అది నెల తిరక్కుండా కూలి అవుతుంది, తర్వాత కూలి పెంచమంటారు. ఫోను లాక్కోవడం ఒక్క సందర్భంలోనే న్యాయం: రాత్రి ఫోను వల్లే పొద్దున్న లేవలేకపోతుంటే. అప్పుడు కూడా శిక్షగా కాదు, ఇంట్లో అందరి ఫోన్లూ పదింటికల్లా హాల్లో ఛార్జింగ్‌కి పెట్టే పద్ధతిగా. నాన్న ఫోనుతో సహా. సాక్సు దొరక్క లేటైన పిల్లాడి ఫోను లాక్కుంటే అది మన కోపం తీర్చుకోవడం తప్ప మరోటి కాదు.

అసలు సంగతి రాత్రిది

బద్ధకం అని మనం తిట్టేదాంట్లో కొంత వయసు చేసే పని. యుక్తవయసు వచ్చాక నిద్రని తెప్పించే మెలటోనిన్ హార్మోను ఒంట్లో మునుపటి కన్నా ఆలస్యంగా విడుదలవుతుంది. చిన్నప్పుడు తొమ్మిదింటికే నిద్రపోయే పిల్లకి ఇప్పుడు పదిన్నరైనా కళ్లు మూతపడవు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. ఈ కారణంతోనే అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లో హైస్కూళ్లు ఎనిమిదిన్నర కన్నా ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. కాలిఫోర్నియాలో అది చట్టమై 2022 జూలై నుంచి అమల్లోకి వచ్చింది.

మన హైస్కూళ్లు మొదలయ్యేది తొమ్మిదింటికి. అంటే బడి టైములో తప్పు లేదు. ఆ నిద్రని తినేసేది పొద్దున్నే ట్యూషను, లేదంటే ఊరూరూ తిరిగే స్కూలు బస్సు. రూట్లో మొదటి స్టాపు మీదైతే మీ అమ్మాయి ఏడింటికల్లా రోడ్డు మీద ఉండాలి. అదే బడి, అదే క్లాసు, చివరి స్టాపు అమ్మాయి ఎనిమిదింపావుకి వస్తే సరిపోతుంది. ప్రైవేటు బడిలో చేర్చేటప్పుడు ఫీజు అడుగుతాం, ర్యాంకులు అడుగుతాం. మన స్టాపు వరసలో ఎన్నోది అని ఎవరూ అడగరు. అడగండి.

ఇంకో సంగతి కోనసీమ, నరసాపురం వైపు వాళ్లకి చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. అమ్మ కువైట్‌లో ఉంటుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. యజమాని ఇంట్లో పని ముగించుకుని అమ్మ తొమ్మిదిన్నరకి వీడియో కాల్ చేసిందంటే ఇక్కడ అర్ధరాత్రి పన్నెండు. అమ్మ మొహం చూడటానికి మేలుకున్న పిల్లని పొద్దున్నే లేవలేదని తిట్టడానికి నోరెలా వస్తుంది? ఆ ఫోను మానేయమని నేను చెప్పను. వీలైతే వేళ మార్చుకోండి. బడి నుంచి వచ్చాక ఐదింటికి మాట్లాడితే అక్కడ మధ్యాహ్నం రెండున్నర, చాలా ఇళ్లలో పనికి కాస్త తెరిపి దొరికే సమయం. రోజూ కుదరకపోతే మర్నాడు బడి లేని రాత్రికి పెట్టుకోండి. కొందరు తల్లులు అక్కడ నాలుగింటికి లేచి మరీ ఫోన్ చేసి ఇక్కడ పిల్లల్ని లేపుతారు. ఆ ప్రేమకి దండం పెట్టాలి, కానీ పద్దెనిమిది గంటలు పనిచేసే మనిషి నిద్రతో అలారం గడియారం పని చేయించుకోవడం పదిహేనేళ్ల పిల్లలకి అలవాటు కాకూడదు.

దేని మీద వెళ్తారన్నదాన్ని బట్టి

బాధ్యత నేర్పడానికి ఇవన్నీ ఒకటి కావు.

స్కూలు బస్సు సురక్షితం, కానీ హారన్ కొడుతుంది, రెండు నిమిషాలు ఆగుతుంది కూడా. ఆ హారనే అలారం అయిపోతుంది. బస్సు పిల్లలకి పెట్టాల్సిన నియమం ఒకటే, బస్సు రాకముందే రోడ్డు మీద ఉండాలి. పల్లెవెలుగు ఆగదు, ఎవరి కోసమూ హారన్ కొట్టదు, అందుకే దానికి మించిన మాస్టారు లేరు. స్త్రీశక్తి పథకం వచ్చాక, అంటే 2025 ఆగస్టు 15 నుంచి, ఆడపిల్లలకి టికెట్ డబ్బులు అక్కర్లేదు, గుర్తింపు కార్డు మాత్రం బ్యాగులో ఉండాలి. రాత్రి సర్దుకునే వాటిలో దాన్నీ చేర్చండి. మగపిల్లలకి స్టూడెంట్ పాస్. బస్సు నిండిపోయి స్టాపులో ఆపకుండా వెళ్లిపోయే రూట్లయితే ఒక బస్సు ముందుకి లెక్క వేసుకోవాలి.

సర్వీసు ఆటో గురించి ఎక్కువ చెప్పను. నిండితే గానీ కదలదు, నిండాక కూడా ఎక్కిస్తుంది. పిల్లలు ఎంత ముందొచ్చినా ఉపయోగం లేని చోట టైము విలువ నేర్పలేం.

ఐదు కిలోమీటర్ల లోపు అయితే సైకిలే. డెల్టా అంతా చదును, ఎత్తూ పల్లం లేదు, తొక్కలేకపోవడమంటూ ఉండదు. ఎప్పుడు బయల్దేరాలన్నది పూర్తిగా పిల్లల చేతిలోకి వచ్చేది సైకిల్‌తోనే. దాంతోపాటు ఆదివారం గాలి చూసుకోవడం, చెయిన్‌కి నూనె వేయడం, పంక్చరైతే ఎక్కడ వేస్తారో తెలుసుకోవడం కూడా వాళ్లవే అవుతాయి. చెయిన్ ఊడిపోతే రోడ్డు పక్కన తలకిందులుగా నిలబెట్టి, పెడలు చేత్తో తిప్పుతూ పళ్లలోకి ఎక్కించడం కొన్నరోజే నేర్పేయండి. నల్లగా మసి అంటిన వేళ్లతో ప్రేయర్‌కి వచ్చిన పిల్లాడు లేటైనా నాకు కోపం రాదు. అయితే రెండు జాగ్రత్తలు. వానల్లో గట్టు మీది ఒండ్రు మట్టి సబ్బులా జారుతుంది, ఆ నెలల్లో చుట్టు తిరుగుడైనా తారు రోడ్డే మేలు. ధనుర్మాసంలో ఏడింటికి కూడా చేల మీద మంచు విడవదు, ఎదురుగా వచ్చే రొయ్యల లారీకి సైకిల్ కనపడదు. వెనక రిఫ్లెక్టర్, ముందు చిన్న లైటు ఉండాలి. 216 హైవే మీద పిల్లల్ని సైకిల్‌తో అసలు పంపొద్దు.

ఇక బండి. "ట్యూషన్ నుంచి బడికి, బడి నుంచి ట్యూషన్‌కి, టైము సరిపోవట్లేదండి, స్కూటీ ఇచ్చేశాం" అని తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులే గొప్పగా చెబుతారు. చట్టం ప్రకారం గేర్లున్న బండికైనా, ఇప్పుడు బజార్లో దొరికే 110 సీసీ స్కూటీకైనా 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకి లైసెన్స్ ఇచ్చేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఏ సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తండ్రికో, బండి యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లలకి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇవన్నీ పక్కన పెట్టినా, లేటుగా లేచి ఆ లేటుని స్పీడుతో పూడ్చుకోవచ్చని నేర్పే వస్తువు బండి. ఈ విషయంలో నా దగ్గర రెండో మాట లేదు, వద్దు. లైసెన్స్ అక్కర్లేని ఎలక్ట్రిక్ స్కూటర్ అని షాపువాళ్లు చెబితే మోటారు 250 వాట్లు, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటకూడదన్నది కాగితం మీద చూసుకోండి. అది కూడా సైకిల్ తొక్కలేనంత దూరం ఉంటేనే.

మీ ఇంటికి ఏది సరిపోతుంది?

బడి ఊళ్లోనే ఉండి, పిల్లలు ఎనిమిదో తొమ్మిదో చదువుతుంటే అలారం, ఒక్క పిలుపు, సైకిల్. లేటైతే అవనివ్వండి. బడి టౌన్లో ఉంటే రాత్రి సర్దుకోవడం, బస్సుకి ముందే రోడ్డెక్కడం, తప్పితే ఏం చేయాలన్న ఒప్పందం. ఆ ఒప్పందం లేకుండా వదిలేయడం అనేది ఇక్కడ కుదరదు.

అమ్మమ్మ ఇంట్లో పెరిగే పిల్లలకి ఈ రెండూ కష్టమే. ఆవిడ గట్టిగా లేపలేదు, లేటైతే చూస్తూ ఊరుకోనూ లేదు. "పోన్లేరా, ఇవాళ మానేయ్" అనేస్తుంది. అలాంటి చోట నేను చూసినంతలో బాగా పనిచేసేది జంట. అదే వీధిలో అదే బడికెళ్లే ఇంకొకరితో కలిపి పంపడం. వీధి మొదట్లో కలవాలి, ఇంత టైము దాకా ఆగుతారు, తర్వాత ఆగరు, ఈ మాట వాళ్లిద్దరే అనుకోవాలి, పెద్దవాళ్లు దూరకూడదు. తల్లిదండ్రుల మాటకి లేవని పిల్లలు, స్నేహితురాలు రోడ్డు మీద నిలబడి బెల్లు కొడుతుంటే తల దువ్వుకుంటూ పరిగెత్తుకొస్తారు.

పదో తరగతి వాళ్ల మీద కొత్త ప్రయోగాలు సంక్రాంతి తర్వాత మొదలుపెట్టొద్దు. చేయాలనుకుంటే దసరా సెలవులయ్యాక మొదలుపెట్టి ఆలోపు కుదురుకునేలా చూడండి. పబ్లిక్ పరీక్ష తొమ్మిదిన్నరకి, ఆ రోజుల్లో మాత్రం మీరే లేపండి, మీరే దింపండి. అక్కడ నేర్పాల్సింది ఏమీ లేదు.

ఇన్నాళ్లూ టైముకి వెళ్తున్న పిల్లలు ఉన్నట్టుండి రోజూ లేటవుతున్నా, పొద్దున్నే కడుపునొప్పి అంటున్నా ఈ పద్ధతులేవీ వద్దు. దారిలోనో, క్లాసులోనో ఏదో జరుగుతోంది. నిద్ర గురించి కాకుండా బడి గురించి అడగండి. ఇంట్లో చెప్పకపోతే క్లాస్ టీచర్ చేత అడిగించండి.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెట్టి బెల్లు ఏడూ ముప్పావుకి జరిపేస్తే జూన్ నుంచి చేసుకున్న అలవాటు తలకిందులవుతుంది. ఆ తేదీకి వారం ముందు నుంచే అలారాన్ని రోజుకి పావుగంట చొప్పున ముందుకి జరపమనండి, రాత్రి పడుకునే వేళని కూడా అలాగే. అది గుర్తుపెట్టుకుని తిప్పుకునే పని కూడా పిల్లలదే. క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టించి పెట్టండి.